బయటివైపు మేకులు

పామర్రు దాటాక కాలువగట్టు పక్కనున్న పెంకుటింటికి మంచి పేరు లేదు. వరదల్లో కొట్టుకొచ్చిన శవాలన్నీ దాని వెనక రేవులోనే తేలేవట. డెబ్బై నాలుగులో ఆ ఇంటి కిటికీ రాత్రిళ్ళు దానంతటది మోగడం మొదలెట్టింది. పగలు మీసాలు మెలేసుకుంటూ ఆ దారిన పోయే మగధీరులంతా పొద్దుగూకితే చుట్టుతిరిగి వెళ్ళేవాళ్ళు.

ఇది నేను కళ్ళతో చూసింది కాదు. బెజవాడలో మా ఇంటి కిటికీలకు దోమల జాలీలు బిగిస్తూ కృపానందం చెప్పాడు. అతని ఎడమ మోచెయ్యి వంకర. ఎలా విరిగిందయ్యా అని అడగడం నా తప్పు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ ఇంటి కిటికీకి జాలీ బిగించింది కృపానందమే. ఇంటాయన రామకోటేశ్వరరావు. మామూలు ఇనప జాలీ కాలువ గాలికి ఏడాదిలో తుప్పు పడుతుందని, జింకు పూత జాలీ అయితే పదేళ్ళు చూసుకోనక్కర్లేదని, నెలకోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలని కృపానందం తన పాఠం అప్పజెప్పాడు.

"మందంది వెయ్యి. చెక్క ఊచల్ని చెద తినేసింది. మనిషి తోసినా ఊడకూడదు," అన్నాడాయన. "మేకులు బయటివైపు కొట్టు."

"దొంగ బయట్నుంచే గదండీ వచ్చేది. లోపలివైపు కొడితేనే..."

"చెప్పింది చెయ్యి."

చేశాడు. బిగించి వచ్చేశాడు.

ఏడాది తిరిగింది. ఓ రోజు పామర్రులో పని ముగిసేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. సామాను సంచీ అద్దె సైకిలుకు తగిలించుకుని గట్టు మీద బయల్దేరాడు. ఆ ఇంటికి ఎదురుగా టీకొట్టు పెట్టుకున్న ఆదెమ్మ తలుపు మూయబోతూ అతన్ని చూసింది.

"ఎక్కడికయ్యా ఈ వేళప్పుడు? అది కొట్టే వేళయింది." గొంతు తగ్గించింది. "మూడు దెబ్బలు... ఆగి, మళ్ళీ మూడు. ఏడాదై వింటున్నా. వినబడగానే తలుపేసుకుని ప్రార్థన చేసుకుంటా."

"ఇంట్లో ఎవరూ లేరా?"

"రావుగారొక్కరే. ఆయన భార్య పుట్టింటికెళ్ళిపోయిందంట."

తలుపు పడింది. గడియ పడింది.

అంతలోనే—

ఝణ్... ఝణ్... ఝణ్.

కృపానందం సైకిలు వెనక్కి తిప్పబోయాడు. ప్రభువా, ప్రభువా అనుకుంటూ టార్చి వేశాడు. దెయ్యాన్ని చూద్దామని కాదు, పారిపోయే దారి కోసం. తొందరలో ఆ వెలుతురు వెళ్ళి కిటికీ మీదే పడింది.

తన జాలీయే. ఏడాదైనా తుప్పు చుక్క లేదు... ఒక్క చోట తప్ప. నడిమధ్యన, మనిషి గుండె ఎత్తున, రెండు ఎర్రటి మరకలు. పక్కపక్కన. అరచేతులంత.

పని తెలిసినవాడి బుర్ర భయంలో కూడా ఊరుకోదు. వానకు పట్టే తుప్పు అడుగున పడుతుంది, మేకుల దగ్గర పడుతుంది. నడిమధ్యన పూత పోయిందంటే— రోజూ ఎవరో గోళ్ళతో గీకి ఉండాలి. చెమట చేతులతో కొట్టి ఉండాలి.

దెయ్యానికి చెమట పడుతుందా?

మేకులు బయటివైపు ఎందుకో అప్పుడర్థమైంది. దొంగ రాకుండా కాదు, లోపలి మనిషి పోకుండా. ఆ మేకులు కొట్టింది తనే. సిగ్గుతో అతని ఒళ్ళంతా మండిపోయింది.

గట్టు దిగి కిటికీ దగ్గరికెళ్ళాడు. "ఎవరమ్మా లోపల?"

"రామతులసిని... రావుగారి భార్యని. మెల్లగా మాట్లాడండి... వింటాడు." మాట తడబడుతోంది. అరిచినందుకు ముందు పళ్ళు రెండు రాలగొట్టాడట; జాలీ మోత మాత్రం దెయ్యమని ఊరు భయపడుతుందని వదిలేశాడట.

పాలవాడితో రెండు మాటలాడినందుకు ఈ చెర మొదలైందట. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? ఆ ఇంట్లో ఉన్న భూతం అదొక్కటే.

కృపానందం రేకు కత్తెర తీసి జాలీకి పెట్టాడు. కరకర... కరకర. పదేళ్ళు మన్నే జాలీ ఊరికే తెగుతుందా! సగం తెగేసరికి గది తలుపు గడియ చప్పుడైంది. రామతులసి ఆగలేదు. చెద తిన్న ఊచల్ని భుజంతో విరగ్గొట్టి, తెగిన తీగలు పొట్టనీ చేతుల్నీ చీరేస్తుంటే బయటికి పాకింది.

ఖాళీ గది చూసిన రామకోటేశ్వరరావు వీధి గుమ్మంలోంచి గునపంతో చుట్టుతిరిగి వచ్చాడు. మొదటి దెబ్బకు కృపానందం మోచెయ్యి చెరుకుగడలా ఫెళ్ళుమంది. కత్తెర జారిపోయింది. రెండో దెబ్బ తలకు ఎత్తాడు... అది దిగలేదు. కిందపడ్డ కత్తెర అందుకుని రామతులసి మొగుడి పిక్కలో దించింది. లాగి మళ్ళీ దించింది. ఇంకోసారి కూడా. ఆయన అరుపు గట్టంతా వినబడింది. ఊళ్ళో ఒక్క దీపం వెలగలేదు. దెయ్యమే అనుకుని ఉంటారు, పాపం!

ఇద్దరూ పడుతూ లేస్తూ ఆదెమ్మ కొట్టు చేరారు. లోపల ప్రార్థన సాగుతోంది.

"తలుపు తియ్యమ్మా!" కృపానందం అరిచాడు.

ప్రార్థన ఇంకా బిగ్గరైంది.

రామతులసి నెత్తురు చేతులతో తలుపు కొట్టింది. మూడు దెబ్బలు... ఆగి, మళ్ళీ మూడు.

ప్రార్థన ఆగిపోయింది.

"దెయ్యాన్ని కాదు ఆదెమ్మా," అంది, తలుపుకు నోరానించి. "ఏడాదై నిన్నే పిలుస్తున్నాను."