మగ్గం విడిస్తే మండే చేతులు

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ వెనక మేడ మీదున్న ఆ డిటెక్టివ్ గదికి వచ్చే ఆడవాళ్లలో సగంమంది మొగుళ్ల మీద నిఘా పెట్టమనే అడుగుతారు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని చూసి హరి, ఇదీ ఆ బాపతే అనుకున్నాడు. ఆమె రెండు చేతులకూ ముంజేతుల దాకా తడిగుడ్డలు చుట్టుకుని ఉంది. కుర్చీని కాలితో జరుపుకుని కూర్చుంది.

"నాకెవరో మందు పెట్టినారు మేడం. లేకుంటే చేతబడి. రెండిట్లో ఏదో మీరే చెప్పల్ల," అంది.

డిటెక్టివ్ సుమలత నోటిదురుసుతో పోలీసు ఉద్యోగం పోగొట్టుకుని, ఇప్పుడు ఆ నోటితోనే బతుకుతోంది. ఆమెకు తట్టింది తనకు వారం తర్వాత గానీ తట్టదని అసిస్టెంటు హరికి తెలుసు. దానికతను సిగ్గుపడడు సరికదా, ఊరంతా చెప్పుకుని మురిసిపోతాడు.

గుడ్డలు విప్పగానే హరి మొహం తిప్పుకున్నాడు. వేళ్ల వెనక చర్మం ఉల్లిపొరలా పలచబడి, ఎర్రగా పగిలి, రసి కారుతోంది. ఆ ఎరుపు గాజుల దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. పైన చెయ్యి శుభ్రంగా ఉంది.

ఆమె పేరు నీలావతి. ధర్మవరంలో ఆంజనప్ప అనే సావుకారి షెడ్డులో పట్టుచీరలు నేస్తుంది. భర్త కిరణ్‌కు పెనుకొండలో ఉద్యోగం. ఆరేళ్ల కూతురు అక్కడే, నాయనమ్మ దగ్గర పెరుగుతోంది.

"మూడుసార్లు పెనుకొండకు కాపురం పోయినా మేడం. పోయినప్పుడల్లా వారం తిరక్కుండా చేతులు భగ్గుమంటాండాయి. మా అత్త కుష్టు అంటాది. పాపను నా పక్కకు రానీదు. మళ్లా ధర్మవరం పోయి మగ్గం గుంతలో దిగితే చాలు, రెండు రోజుల్లో చల్లబడతాయి."

"పెనుకొండలో ఏం పని చేస్తావు?"

"మగ్గమే. మా ఆయన ఇంట్లోనే పెట్టించినాడు. ఆ పట్టే, ఆ రంగులే."

"సబ్బు?"

"రెండు చోట్లా ఒకటే."

"నీళ్లు?"

"బోరునీళ్లు పడలేదేమోనని క్యాన్ నీళ్లతో కడుక్కున్యా. తగ్గలే."

"అంట్లు, బట్టల సోడా?"

"నన్నేమీ ముట్టుకోనీదు మా అత్త."

"ఎవరి మీద అనుమానం?"

"నా పక్క మగ్గం మంజుల మీద. నేను పోతే పెద్దంచు చీరలన్నీ ఆయమ్మకే వస్తాయి."

సుమలత తల అడ్డంగా ఊపింది. "మంజులకైతే నువ్వు పోతేనే లాభం. ఈ మందేమో నువ్వు పోతేనే కాలుస్తోంది. లెక్క కుదరలేదమ్మా. నువ్వు పోకూడదని ఎవరికుంది?"

నీలావతి తెలీదంది. "ఓర్చుకోలేక రేపు మళ్లా ధర్మవరం పోతాండా. తాడు లేకుండా కట్టేసినారు మేడం నన్ను. ఆ గుంతలోనే సచ్చిపోతానేమో."

"పో. ఎప్పుడూ చేసేదే చెయ్యి. ఒక్కటి కూడా మార్చొద్దు," అంది సుమలత.

నాలుగు రోజుల తర్వాత హరి పెళ్లికొడుకయ్యాడు, సుమలత అతని అక్కయింది. పెళ్లిచీర మగ్గం దగ్గరే చూసి కొంటామని ఆంజనప్ప షెడ్డుకు వెళ్లారు. గాలికి దుమ్ము లేచి పట్టు మీద పడుతుందని కిటికీలన్నీ మూసే ఉన్నాయి. ఆ ఉక్కలో ఆడవాళ్లు నడుముల దాకా గుంతల్లో దిగి, తలెత్తకుండా నేస్తున్నారు. లోపల అడుగుపెట్టగానే హరి చొక్కా పై గుండీ విప్పుకున్నాడు.

పని మొదలెట్టే ముందు చేతులకు వెన్న రాసుకుని తుడుచుకోవడం ఆ షెడ్డు ఆనవాయితీ. గరుకు చేతికి పట్టుపోగు తగులుకుని తెగుతుంది మరి. వెన్న ఉన్న స్టీలు గిన్నె ఆంజనప్పే స్వయంగా తెచ్చి దేవుడి పటం కింద పెట్టాడు. మంజుల దాన్ని ఒక్కొక్కరికీ అందించింది. ఆమె చేతులు కూడా ఉల్లిపొరలే. నీలావతి చేతులు మాత్రం మళ్లీ నెమ్మదించి ఉన్నాయి.

"మా ఇంటి వెన్నమ్మా. పసుపూ కర్పూరం కలిపి నేనే తయారుచేస్తా. పనోళ్లు మనకు బిడ్డలు కదా," అన్నాడు ఆంజనప్ప. మెత్తటి మనిషి, మాట మరీ మెత్తన.

చివరి మగ్గంలో ఆయన కూతురు గౌరి నేస్తోంది. ఆమె మాత్రం సొంత డబ్బీ తీసి రాసుకుంది.

"సావుకారి బిడ్డ గదా, మేం ముట్టిన గిన్నె ముడతాదా?" అని గొణిగింది మంజుల.

పక్కనే చౌడమ్మ అనే ముసలామె గుప్పెడు తవుడుతో అరచేతులు రుద్దుకుంటోంది. "నాకా వెన్న వాసన పడదమ్మా. మా అవ్వ నేర్పిన తవుడే చాలు," అంది.

"ఎప్పుడైనా ఊరొదిలి పోయినావా?" అని అడిగింది సుమలత.

"పోయిన ఎండాకాలమంతా పరిగిలో, మా కూతురింట్లో ఉంటి. ఏమి?"

"చేతులు మండలేదా?"

"నా చేతులకేం రోగం!"

సుమలత నవ్వి, గౌరి చేతుల నునుపు తెగ మెచ్చుకుని ఆమె డబ్బీలోంచి కాస్త వెన్న రాయించుకుని రుమాలుకు తుడుచుకుంది. హరి ఆమె ముందే చెప్పినట్టు స్టీలు గిన్నెలో వేలు ముంచి, వేరే రుమాలుకు తుడుచుకున్నాడు. రెండు రుమాళ్లూ బెంగళూరు ల్యాబుకు వెళ్లాయి. సుమలత పుట్టపర్తి పోయి ఒక చర్మం డాక్టరుతో మాట్లాడి వచ్చింది. హరి ఎంత బతిమాలినా నోరు విప్పలేదు.

చీర తీసుకునే రోజు ఆమె షెడ్డులో అందరినీ గుంతల్లోంచి పైకి పిలిచింది. స్థానిక ఎస్సై తలుపు పక్కనే నిలబడ్డాడు.

"నీలావతి చేతులకు పడనిది పెనుకొండలో ఏదో ఉందని అందరూ వెతికినారు," అని మొదలుపెట్టింది. "ఆడ ఉన్నదాన్ని వెతికితే దొరకలేదు. ఆడ లేనిదేమిటని నేను అడిగినా. ఒక్కటే తేలింది. ఈ వెన్న."

ఆంజనప్ప నవ్వాడు. "వెన్నతో చేతులు కాలతాయా తల్లీ?"

"కాలవు. అందులో మీరు పిండిన ట్యూబు మందుతో కాలతాయి. గట్టి స్టెరాయిడ్. రాస్తే చెయ్యి నున్నగా, చల్లగా ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి మందుకు మరిగిపోతుంది. మానేస్తే నిప్పంటుకున్నట్టే. చౌడమ్మ రాయలేదు, ఊరు పోయినా ఏమీ కాలేదు. ల్యాబు కూడా ఇదే తేల్చింది."

"నాకేం తెలుసమ్మా? నా చేతి గజ్జికి మెడికల్ షాపువాడిస్తే బాగుందని కలిపినా. తెలిసి చేసింది కాదు."

మాట నమ్మేలాగే ఉంది. హరి కూడా సగం నమ్మాడు.

"అయితే సరే," అంది సుమలత. "అమ్మా గౌరీ, ఇట్లా వచ్చి ఆ గిన్నెలో వెన్న నీ చేతులకు రాసుకో."

గౌరి ఏమీ అర్థంకాక ముందుకొచ్చి వేళ్లు చాపింది.

"ముట్టుకోవద్దే!" ఆంజనప్ప ఒక్క ఉదుటున గిన్నె లాక్కున్నాడు. వెన్న నేలపాలైంది.

షెడ్డులో ఆడవాళ్లంతా ఆ గిన్నె వైపే చూశారు.

"మొదట తెలీకనే కలిపినారు. నమ్ముతా," అంది సుమలత. "పోయినోళ్లంతా మండే చేతులతో తిరిగొస్తుంటే విషయం బోధపడింది. ఆ రోజే కూతురికి డబ్బీ వేరు చేసినారు. అందులో ఏ మందూ లేదని ల్యాబు చెప్పింది. వీళ్లకు మాత్రం గిన్నె ఆపలేదు."

"నాయనా, నాకు చెప్పినది గిన్నె మురికి అని గదా," అంది గౌరి. ఆయన ఆమె వైపు చూడలేకపోయాడు.

"నేర్పించిన పనోళ్లు ఒక్కొక్కరే పోతే షెడ్డు మూసుకోవల్లనా? నేనెవర్నీ కట్టేయలేదు. తలుపులు తీసే ఉండాయి!" అని అరిచాడు.

"తీసే ఉండాయి సావుకారా," అంది నీలావతి. "అందుకే గదా, పోలేకపోయిన ప్రతిసారీ నా చేతుల్నే తిట్టుకున్యా."

ఎస్సై ఆయన్ను బయటికి నడిపించాడు. వెనకే వెళ్లబోయిన గౌరి గడప దగ్గర ఆగి, తిరిగొచ్చి కిటికీలు తీయడం మొదలుపెట్టింది.

డాక్టరు దగ్గరే అందరికీ వైద్యం చేయించాలనీ, మంట తగ్గడానికి నెలలు పట్టొచ్చనీ సుమలత విడమరిచి చెప్పింది. నీలావతి మంట గురించి అడగలేదు.

"ఇది పాపకు అంటుకోదు గదా మేడం?"

"ఎవరికీ అంటుకోదు. నీ కూతుర్ని ఎత్తుకో, అన్నం తినిపించు."

అప్పుడు ఏడ్చింది నీలావతి. ఏడుస్తూనే హరిని ఫోను తీయమంది. పెనుకొండ నంబరు హరి నొక్కి, ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు. కూతురే ఎత్తింది.

"అమ్మా, వస్తాండావా? మళ్లా పోతావా?"

"పోను," అంది నీలావతి. "చేతులు మండుతాయి, నేను అరుస్తాను. నువ్వు భయపడొద్దు. నా పక్కనే పండుకో."