గుర్తు తెలియని పడవలు

సుభాషిణి గుర్తింపుమేఘాన్ని తెరిచే తాళం సంకేతాన్ని సర్వర్‌లో పెట్టి దాని జవాబు కోసం చూసింది. సముద్రపు హెచ్చరికలు పంపే ఉప్పాడ కెరటకేంద్రంలో ఆ ఉదయం ఆమె పని అదే. తీరంలో ఏ పరికరం వార్త అడిగినా, అదేమిటో ముందు ఎక్కడో దూరపు కంప్యూటర్లలో నడిచే ఆ మేఘం చెప్పాలి. కళ్ళద్దమైతే బొమ్మ వెళ్తుంది, చెవిపూసైతే మాట, పడవలో పెట్టుకునే తెరపలకైతే పటం. మేఘం ‘తెలియదు’ అంటే ఏమీ వెళ్ళదు. ఆమె రాసిన జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం ఆ జవాబును బట్టే నడుస్తుంది.

తన కళ్ళద్దంతోనే పరీక్షించింది. తయారీ, వయసు, తెర వెడల్పు, అన్నీ వచ్చాయి. ఇంత ఆరా ఎందుకనిపించి, ‘రకం’ ఒక్కటే ఉంచి మిగతా ప్రశ్నలు తీసేసింది. ఈసారి జవాబు చురుగ్గా వచ్చింది. తన పని మీద తనకే ముచ్చటేసింది.

అంతలో, ఎవరూ వాడని పాత రేడియోలో మైలపల్లి నూకరత్నం పలికింది. సొంత పడవ మీద వేటకెళ్ళే మనిషి. పలక పాడైతే విరిగిన సామానుతో తానే ఒకటి కట్టుకుంది. నీళ్ళ రంగు మారిందనీ, పలకలో మాత్రం ఏ వార్తా లేదనీ చెప్పింది.

“ఎన్నిసార్లడిగినా తెలియదంటందమ్మా. నన్నా, పలకనా?”

“పలకనే, రత్నమ్మగారూ. ఉప్పెన వస్తోందని ఇక్కడ వార్త ఉంది. వెంటనే వెనక్కి తిప్పండి.”

ఆమె పడవ తిప్పింది. సుభాషిణికి మాత్రం స్థిమితం చిక్కలేదు. ఇలా కట్టుకున్న పలకలు ఇంకెన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. తెలియదని తిప్పి పంపినవాటిని మేఘం లెక్కలోకే తీసుకోదు, పటంలోనూ చూపదు.

తెలియని పలకలకూ వార్త పంపవచ్చా అని ప్రధాన కేంద్రంలో ఉన్న పై అధికారి గోపాలస్వామిని అడిగింది. ఒకప్పుడు దొంగ పరికరాలు పుకార్లు పుట్టించాయనీ, అందుకే ఆ నియమమనీ ఆయన ఓపిగ్గా చెప్పాడు. దాన్ని దాటితే మేఘం కేంద్రాన్నే వెలివేయవచ్చన్నాడు.

“పుకారు పుట్టించడానికి పేరు కావాలి సార్. హెచ్చరిక వినడానికి ఎందుకు?”

ఆమె ప్రోగ్రాం తెరిచి, వార్త పంపే వరుసను మేఘాన్ని అడిగే వరుసకంటే పైకి జరిపింది. ఇక అడిగినవాళ్ళందరికీ ముందు ఉత్త అక్షరాల్లో హెచ్చరిక వెళ్తుంది. నువ్వెవరన్న ప్రశ్న ఆ తర్వాతే.

గోడ మీది పటంలో ఖాళీగా ఉన్న సముద్రం నిండా, హెచ్చరిక అందిన పడవల చుక్కలు వెలిగాయి. ఏ చుక్కకూ పేరు లేదు. ఒక్కొక్కటే ఒడ్డు వైపు తిరిగింది. పాత వరుసను తిరిగి పెట్టమని మేఘం ఆదేశం పంపింది.

అదే పటం గోపాలస్వామి ముందూ ఉంది.

“అంతమంది ఉన్నారా అక్కడ?”

“ఉన్నారు సార్.”

“అయితే ఆ వరుస కదపకు. మేఘంతో నేను మాట్లాడతాను.”

ఆయన మాట్లాడుతుండగానే అంతర్వేది కేంద్రం నుంచి కబురొచ్చింది. తమ సముద్రం కూడా చాలాకాలంగా ఖాళీగానే కనిపిస్తోందట, ఆ మార్పు తమకూ పంపగలరా అని. సుభాషిణి నవ్వుకుని, పంపేసింది.