ఒక చెయ్యి జేబులో

"షాక్ కొట్టి పోయాడని పోలీసులు రాసుకున్నారు," అంది సుమిత్ర, ఫోటోని బల్ల మీదుగా జరుపుతూ. "నువ్వేమంటావు?"

ఫోటోలో సైనిక్‌పురిలోని ఓ మేడగది. నేల మీద హరికిషన్. సైన్యంలో సిగ్నల్స్ విభాగం నుంచి రిటైరై, ఇంట్లోనే రేడియో పవర్ యాంప్లిఫయర్లు కట్టుకుంటూ బతికిన మనిషి. ఊళ్లో రేడియో పిచ్చి ఉన్న సగం మందికి ఆయనే గురువు. ఏజెంట్ ఆషర్‌కి కూడా. పక్కన సగం విప్పిన యాంప్లిఫయర్. ఆయన రెండు అరచేతుల్లోనూ నల్లగా కాలిన మచ్చలు.

ఆషర్ ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఇది హత్య, మేడమ్."

"ఎలా చెప్పగలవు?"

"యాంప్లిఫయర్ మూత తీస్తే అంకుల్ ఎడమచెయ్యి ప్యాంటు జేబులోకి వెళ్లిపోతుంది. మాకు మొదటిరోజు నేర్పిందే అది. రెండు చేతులూ పెడితే కరెంటు ఒక చేతిలోంచి ఎక్కి, గుండె మీదుగా రెండో చేతిలోంచి దిగుతుంది. ఒక్క చేత్తో పనిచేసేవాడు షాక్ తిన్నా తిట్టుకుంటూ లేస్తాడు. ఆయన రెండు చేతులూ ఎవరో బలవంతంగా పట్టుకుని పెట్టారు."

సుమిత్ర తల ఊపింది. రైల్వే స్టేషన్ ఎదురుగా ట్రావెల్స్ బోర్డు పెట్టుకున్న ఆ ఆఫీసులో ఇంతవరకూ ఎవరికీ టికెట్ బుక్ చేసిన పాపాన పోలేదు. దాని వెనక గదిలో నడిచే నిఘా యూనిట్‌కి ఆమె చీఫ్.

"చంపినవాడి కోడ్‌నేమ్ కోబాల్ట్. మన ల్యాబ్ నుంచి కొత్త రాడార్ డిజైన్ కొట్టేశాడు. ఇంటర్నెట్‌లో పంపినా, శాటిలైట్ ఫోన్ వాడినా మనకి దొరికిపోతాడు. అందుకని పాతకాలం దారి పట్టాడు. షార్ట్‌వేవ్ రేడియో. సముద్రంలో శత్రుదేశం ఓడ ఒకటి చెవులు రిక్కించుకుని కూర్చుంది."

"మామూలు సెట్టు వంద వాట్లే ఇస్తుంది. అంతదూరం తేటగా అందాలంటే కిలోవాట్ కావాలి."

"కిలోవాట్ యాంప్లిఫయర్ కొంటే బిల్లు, కస్టమ్స్, ఆ వెనకే మనం. ఇంట్లో కట్టినదానికి ఏ ఆధారమూ ఉండదు. హరికిషన్‌ని అడిగారు. కాదన్నాడు. ఇప్పుడు వాళ్లకి రాణిగంజ్‌లో మైక్‌సెట్లు బాగుచేసే విజయేందర్ దొరికాడు."

"వాడెవడు?"

"నువ్వే. ఫైలు ఎప్పుడూ కోబాల్ట్ ఒంటి మీదే ఉంటుంది. పంపే ఘడియకి తప్ప వాడు కనిపించడు. ముందే దాడి చేస్తే ఫైలుతో సహా మాయమవుతాడు. వాడు గదిలోకి వచ్చాడని నువ్వు చెప్పాలి. ఇదిగో, చొక్కా గుండీలో ట్రాన్స్‌మిటర్. ఎదురుగా మిర్చిబజ్జీల బండి దగ్గర మన భద్రయ్య ఉంటాడు." ఆమె గుండీ అతని చేతిలో పెట్టింది. "నీకు కొత్తగా పెళ్లయింది కదా?"

"ఫ్రిజ్‌లో పెళ్లికేకు ఇంకా ఉంది, మేడమ్."

"ఇంట్లో విజయవాడ క్యాంపని చెప్పు."

ఇంట్లో ప్రిసిల్లా ఆ మాట నమ్మింది. అదే అతన్ని బాధపెట్టింది. తెల్లవారి లేచి అన్నం వండి, గోంగూర పచ్చడి కలిపి, స్టీలు డబ్బాలో కూరి, మూత మీద చేత్తో రెండు దెబ్బలు వేసి అతని సంచిలో పెట్టింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ రెండు దెబ్బల చప్పుడు వింటే చాలు, ఆషర్‌కి రోజు మంచిగా మొదలైనట్టే.

"డబ్బా మర్చిపోకు," అంది. "మా అమ్మ ఇచ్చిన సెట్టు. ఒకటి పోతే వరసంతా బోసిపోతుంది."

"ప్రాణం పోయినా తెస్తాను."

"ప్రాణంతోనే తే. రెండూ కావాలి."

రాంగోపాల్‌పేట్‌లో మూతపడిన మోటారు పంపుల షాపు మీద గది అది. ఒకే కిటికీ, దానికి ఇనుప గ్రిల్. తలుపు దగ్గర తుపాకీతో ఒక బట్టతల మనిషి. ఆషర్‌ని తనిఖీ చేసింది మాత్రం వాడు కాదు. వంగపండు రంగు పట్టుచీర, భుజాల దాకా కత్తిరించిన జుట్టు, గది నిండా సంపెంగ అత్తరు. పేరు మేబెల్ అని చెప్పింది. నవ్వుతూనే చొక్కా గుండీ తెంపింది. నవ్వుతూనే పెన్ను లాక్కుంది. బూటు మడమ తిప్పి అందులోని బ్లేడు కూడా తీసేసింది.

"మైక్‌సెట్ల మెకానిక్‌కి మస్తు సామాన్ ఉన్నదే," అంది. "ఇదేంది?"

"డబ్బా, మేడమ్. ఇంటిది."

మూత తీసి వాసన చూసింది. "గోంగూరనా? ఉంచుకో. జల్ది షురూ చెయ్యి."

యూనిట్ ఇచ్చిన పరికరాలన్నీ పోయాయి. మిగిలింది పెళ్లాం ఇచ్చిన డబ్బా ఒక్కటే.

తలుపుకి బయట తాళం పడింది. ఆ క్షణం నుంచి ఆషర్‌కి లోకమంటే నాలుగు గోడలు, ఒక బల్ల, దాని మీద కుప్పగా సామాను. పాత మైక్రోవేవ్ ఓవెన్లలోంచి ఊడదీసిన ట్రాన్స్‌ఫార్మర్లు. ఫ్రిజ్‌కి వేసే రాగి గొట్టం. పాలసీసా అంత గాజు ట్యూబు, పవర్ పెంచేది అదే. తిండి తలుపు కింది సందులోంచి వచ్చేది. పగలు గ్రిల్ నీడ గళ్లు గళ్లుగా బల్ల మీద పాకి, గోడెక్కి, మాయమయ్యేది. కింద భద్రయ్య బండి దగ్గర జనం నవ్వులు వినిపించేవి. గొంతెత్తి అరిస్తే అందేంత దగ్గర. అరిస్తే మాత్రం కోబాల్ట్ ఈ జన్మకి రాడు.

దారులు రెండే. యాంప్లిఫయర్ పనిచేస్తే ఫైలు పోతుంది, దాని వెనకే తన ప్రాణం. పనిచెయ్యకపోతే హరికిషన్ పోయినట్టే తనూ పోవాలి.

అయినా చేతులు ఊరుకోలేదు. రాగి గొట్టాన్ని కాయిల్‌గా చుట్టడానికి గుండ్రని ఆధారం కావాలి. ఖాళీ డబ్బాని కడిగి, తుడిచి, దాని చుట్టూ చుట్టాడు. మేలిమి గాజుల వరసలా వచ్చింది కాయిల్. అంత ఉక్కపోతలోనూ దాన్ని చూసి మురిసిపోయాడు. డబ్బాకి మాత్రం రెండు నొక్కులు పడ్డాయి. ఎన్నిసార్లు కడిగినా గోంగూర వాసన పోలేదు. రాత్రిళ్లు దాన్ని తల పక్కన పెట్టుకుని పడుకున్నాడు.

కావలసిన వస్తువులు చెబితే మేబెల్ తెప్పించేది. ఒక్కటి మాత్రం రాలేదు.

"బ్లీడర్ రెసిస్టర్లు అడిగిన, మేడమ్. ప్లగ్ పీకినంక గూడ కెపాసిటర్లల్ల కరెంట్ నిలిచే ఉంటది. దాన్ని ఖాళీ చేసేటియి."

"దానితోని వాట్లు పెరుగుతయా అని మా సార్ అడిగిండు. పెరగయని చెప్పిన. అయితే వద్దన్నడు."

ఆ మాట అంటూ ఆమె బల్ల మీదికి వంగి ట్యూబుని చూసింది. ట్యూబు నెత్తిన ఉండే లోహపు టోపీకి ఆషర్ తీగని టంకంతో అతికించాడు. వెండి బొట్టులా మెరుస్తోంది. ఆ టంకాన్ని ఆమె కాస్త ఎక్కువసేపే చూసింది. ట్యూబు టోపీకి తీగని స్క్రూతో బిగిస్తారు కానీ టంకం పెట్టరు. ట్యూబు బాగా వేడెక్కితే టంకం కరిగి తీగ ఊడిపోతుంది. యాంప్లిఫయర్ కొత్తగా కట్టే ప్రతివాడూ ఒక్కసారైనా చేసే తప్పిది. ఆషర్ మొదటిసారి చేసినప్పుడు హరికిషన్ ఆ యాంప్లిఫయర్‌ని మేడగది గోడకి తగిలించి, వచ్చినవాళ్లందరికీ చూపించి నవ్వించేవాడు.

ఈసారి కావాలనే చేశాడు. చిన్న చిన్న పరీక్షలకి టంకం నిలబడుతుంది. ఫైలు పంపాలంటే ఆపకుండా డేటా పోవాలి. అప్పుడు కరగాలి. ఎప్పుడు కరుగుతుందో అతనికీ తెలియదు.

మేబెల్ నిటారుగా నిలబడింది. "మంచిగ మెరుస్తున్నది," అని మాత్రం అని వెళ్లిపోయింది.

ఆదివారం సాయంత్రం చర్చి గంట మోగుతుండగా తాళం తీశారు. ప్రిసిల్లా ఇప్పుడు బెంచీలో తన పక్కన చోటు ఖాళీగా వదిలి కూర్చుని ఉంటుందనుకున్నాడు ఆషర్.

లోపలికి వచ్చినవాడు సన్నగా, బ్యాంకు మేనేజరులా ఉన్నాడు. మెడలో గొలుసు. గొలుసుకి లాకెట్ బదులు పెన్‌డ్రైవ్.

"విజయేందర్ గారూ, నన్ను కోబాల్ట్ అంటారు," అన్నాడు మర్యాదగా. "పరీక్ష చేసి చూపించండి. మీకు త్వరగా సెలవిప్పిద్దాం."

ఆ సెలవు ఎలాంటిదో ఆషర్‌కి తెలుసు. పాతకాలపు బల్బులు వరసగా బిగించిన చెక్కని కిటికీ అంచున పెట్టి, యాంప్లిఫయర్‌కి కలిపాడు. ఏరియల్ బదులు బల్బుల్లోకి పవర్ పంపి చూడటం ఇళ్లల్లో యాంప్లిఫయర్లు కట్టేవాళ్ల పాత అలవాటు. మీట నొక్కగానే ట్యూబు గులాబీ రంగులో వెలిగింది. బల్బులన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. వీధంతా కనిపించేంత వెలుగు.

"ట్యూనింగ్ చెయ్యాల్నంటే చుక్కలు చుక్కలు కొట్టాలె, సార్."

కోబాల్ట్ సరేనన్నాడు. ఆషర్ వేలు మీట మీద ఆడింది. పొట్టి, పొడుగు, పొట్టి. మోర్స్‌లో 'వచ్చాడు' అన్న కబురు. ఆ భాష కింద భద్రయ్యకి వచ్చు. కానీ బజ్జీల మూకుడులోంచి తలెత్తి చూడాలి కదా. సగం కొట్టేసరికి కోబాల్ట్ చెయ్యి అడ్డం పడింది.

"ఆగండి. ఇవి చుక్కలేనా? మేబెల్, నీకు మోర్స్ వచ్చు కదా. ఇతను ఏం కొడుతున్నాడు?"

బట్టతల వాడు తుపాకీ ఎత్తాడు.

మేబెల్ యాంప్లిఫయర్ దగ్గరికి వచ్చింది. ట్యూబు మీదికి వంగి చూసింది. వంగేటప్పుడు ఆమె ఎడమచెయ్యి దానంతటదే వెనక్కి వెళ్లి, నడుం దగ్గర చీర మడతలో దూరింది.

చీరకి జేబు ఉండదు. ఉంటే ఆ చెయ్యి అందులోకే పోయేది.

"ఏం లేదు, సార్. చుక్కలే," అంది. "చెయ్యి జెర వణుకుతున్నది బిడ్డకి."

కోబాల్ట్ బల్బుల తీగ పీకించి, మేడ మీద బట్టలారేసే తీగలా కట్టిన ఏరియల్ కలిపించాడు. కిటికీ తలుపు మూశాడు. రేడియో సెట్టుకి కలిపిన ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ గుచ్చి మీట నొక్కాడు. తెరమీద పచ్చటి గీత పాకడం మొదలైంది. ఆ గీత చివరికి చేరితే ఫైలంతా ఓడకి చేరినట్టే.

గీత పావు దాటింది. ట్యూబులోని రేకు ఎర్రబడింది. సగం దాటింది. టంకం చెక్కుచెదరలేదు. తను చేసినవాటిలో ఇంత బాగా కుదిరిన టంకం ఇదేనేమోనని ఆషర్‌కి ఏడుపొచ్చింది. మెట్ల మీద చప్పుడు లేదు. మూసిన కిటికీలోంచి బజ్జీల వాసన మాత్రం వస్తోంది. గీత ముప్పాతిక దాటింది.

కోబాల్ట్ వాచీ చూసుకుని, బట్టతల వాడికి కళ్లతో సైగ చేశాడు. తుపాకీ గొట్టం ఆషర్ మెడకి చల్లగా తగిలింది.

గీత చివర వెంట్రుకవాసి మిగిలింది. వెండి బొట్టు మెల్లగా చెమట పట్టినట్టు అయింది. జారింది. రాగి తీగ స్ప్రింగులా టింగుమని గాల్లోకి లేచింది. తెరమీద గీత ఆగి, ఎర్రబడింది. కొస అందని ఫైలు, తాళంచెవి లేని తాళం. ఓడకి ఎందుకూ పనికిరాదు.

"అతికించు," అన్నాడు కోబాల్ట్. మర్యాద పోయింది. ప్లగ్ పీకి పారేశాడు. ఆషర్ కదలకపోయేసరికి తనే జాలీ మూత లాగి, ఎడమచేత్తో ఇనుప పెట్టె అంచు పట్టుకుని, కుడిచెయ్యి తీగ వైపు చాపాడు.

"ముట్టుకోకు," అన్నాడు ఆషర్. నిజంగానే అన్నాడు. "కరెంట్ ఇంకా లోపలే ఉన్నది. ఆ ఎడమచెయ్యి జేబుల పెట్టు."

కోబాల్ట్ నవ్వాడు. "ప్లగ్ నా కాలి కింద ఉంది. ఆ ముసలివాడూ చివర్లో ఇదే పాట పాడాడు."

తీగ పట్టుకున్నాడు.

టపాసు పేలినట్టు చప్పుడైంది. కోబాల్ట్ ఎగిరి గోడకి కొట్టుకుని జారిపడ్డాడు. బట్టతల వాడు అటు తిరిగిన క్షణంలో మేబెల్ ఎడమచెయ్యి చీర మడతలోంచి బయటికి వచ్చింది. ఈసారి అందులో చిన్న పిస్తోలు ఉంది. "కింద పెట్టు, అన్నా," అంది వాడితో, ఏదో బతిమాలుతున్నట్టు.

అప్పుడు తలుపు విరిగింది. ముందు భద్రయ్య, చేతిలో బజ్జీలు తీసే జల్లిగరిటె. వెనక యూనిట్ మనుషులు.

"లేటు చేసినవ్, భద్రన్నా," అన్నాడు ఆషర్ గోడకి ఆనుకుని.

"బల్బులు కొట్టుకునుడు చూడంగనె ఉరికేటోన్ని, సార్. మూకుట్ల నూనె సలసల కాగుతున్నది. స్టవ్ బంద్ చెయ్యకుండ వస్తే బస్తీ అంటుకోదా?"

కోబాల్ట్ బతికే ఉన్నాడు. స్ట్రెచర్ మీద మూలుగుతున్నాడు. తెల్లటి గుడ్డ మీద పెట్టిన రెండు అరచేతుల్లోనూ నల్లటి మచ్చలు.

మేబెల్ ఆషర్ పక్కకి వచ్చి నిలబడింది. "హరి అంకుల్ గోడకి తగిలించిన ఆ టంకం పెట్టిన యాంప్లిఫయర్ నీదేనట గద. నేను నేర్చుకోను పోయినప్పుడు దినాం దానికి సలాం కొట్టిపిచ్చి లోపలికి రానిచ్చేటోడు. ఇక్కడ ఆ బొట్టు చూడంగనె నువ్వెవరో తెలిసింది." నవ్వబోయి, నవ్వలేక కళ్లు తుడుచుకుంది.

ఆ రాత్రే ఆషర్ సుమిత్ర ఎదుట ఉన్నాడు. "మేబెల్ మన మనిషని నాకెందుకు చెప్పలేదు, మేడమ్?"

"చెబితే మొదటిరోజే ఆమెని చూసి నవ్వేవాడివి. కొత్త పెళ్లికొడుకువి, మొహంలో ఏదీ దాగదు." ఆమె ఓ కాగితం మీద సంతకం పెట్టింది. "యాంప్లిఫయర్, బల్బులు, గదిలోని వస్తువులన్నీ సాక్ష్యం కింద సీల్ చేశాం. ఢిల్లీ నుంచి అనుమతి వచ్చేదాకా ఒక్క మేకు కూడా బయటికి పోదు."

"వస్తువులన్నీ అంటే..."

"అన్నీ."

ఆటో దిగేసరికి ప్రిసిల్లా గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలి నుంచి తాలింపు వాసన. అతని సంచి అందుకుంది. బరువు చూసింది. లోపల చెయ్యి పెట్టి అడుగుదాకా వెతికింది.

"డబ్బా ఏది?"

తుపాకీ మెడకి ఆనినప్పుడు కూడా మాట తడబడని ఏజెంట్ ఆషర్, ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆమె ముందర అంతకన్నా జాగ్రత్త అతనికి ఇంకేదీ తోచలేదు.