గిజెల్లా గారి ఫోన్

ఆదివారం ఉదయం వంటగదిలో ఎటెల్కా చేతిమరలో గసగసాలు పోసి తిప్పుతోంది. గిజెల్లా కిటికీ దగ్గర కూర్చుని జుట్టుకు చుట్టిన రింగులు విప్పుకుంటోంది. ఒకరికి డెబ్బై నాలుగు, ఇంకొకరికి డెబ్బై ఎనిమిది. వదినా ఆడపడుచులు. బుడాపెస్ట్‌లో ఆ మూడో అంతస్తు ఇంట్లో యాభై ఏళ్లుగా కలిసి ఉంటున్నారు.

పది గంటలకు గిజెల్లాతో మాట్లాడటానికి రేడియో వాళ్లు ఫోన్ చేస్తారు. గిజెల్లా నటించిన పాత సినిమా రీలు శుభ్రం చేసి, ఆ సాయంత్రం మళ్లీ ఆడిస్తున్నారు. అందులో ముఖం గిజెల్లాది, మాట ఎటెల్కాది. పదకొండు సినిమాలూ అంతే. ఆమె సెగెడ్ వైపు పల్లె యాస వింటే జనం నవ్వుతారని దర్శకుడు అప్పట్లో గిజెల్లా నోరు మూయించి, నాటకాల్లో చిన్న వేషాలు వేసే ఎటెల్కాను మైకు ముందు నిలబెట్టాడు. తెర మీద బొజోకి ఎటెల్కా అన్న పేరు మాత్రం వెయ్యలేదు. ఆ తరువాత ఫోన్‌లో ఎవరు గిజెల్లాను అడిగినా ఎటెల్కాయే గిజెల్లాగా మాట్లాడుతూ వచ్చింది. సరుకు ఒకరిది, బోర్డు మీద పేరు ఇంకొకరిది. అలాంటి కొట్టు నడిచినన్నాళ్లే నడుస్తుంది.

"ఈ రోజు నేను మాట్లాడను వదినా," అంది ఎటెల్కా, మర ఆపకుండానే.

"ఏటీ? తొమ్మిదిన్నరయ్యాక సెప్తావా?"

"యాభై ఏళ్లుగా చెబుతున్నాను, నీకే వినపడలేదు. గొంతు నాదని చెప్పనిస్తేనే ఫోన్ ఎత్తుతాను."

గిజెల్లా కూతురు కింగా కాఫీ గిన్నెతో వచ్చి బతిమాలింది. "ఈ ఒక్కసారికీ అత్తా..."

"మొదటి సినిమాకి మీ నాన్న కూడా ఇదే అన్నాడే, ఈ ఒక్కసారికీ అని!"

"నీకేటి తక్కువ సేసినాను?" అని లేచింది గిజెల్లా.

"ఏమీ లేదు. కానీ నేను పోయాక నా సమాధి మీద ఏం రాయిస్తావు? గిజెల్లా గారి ఫోన్ అనా?"

గిజెల్లా ముఖం ఎర్రబడింది. "నువ్వొక్కదానివే పోగొట్టుకున్నావా? రొట్టెల కొట్లో కూడా ఏలెట్టి సూపించి కొనుక్కున్నాను, నోరిప్పితే గుట్టు బయటపడతాదని. మీ అన్న సచ్చిపోయినప్పుడు పలకరింపు ఫోన్లన్నీ నువ్వే ఎత్తినావు. నా మొగుడి కోసం నా ఏడుపు కూడా నువ్వే ఏడిసినావే!"

మర ఆగిపోయింది. పోయింది తన పేరొక్కటే అనుకుంది ఎటెల్కా ఇన్నాళ్లూ. తక్కెడలో రెండో వైపు ఏముందో ఏనాడూ చూడలేదు.

ఫోన్ మోగింది. అలవాటుగా ఎటెల్కా చెయ్యి చాచింది. "ఉండు వదినా, ఈసారికి నేనే..."

"తియ్యి సెయ్యి. నవ్వేవోళ్లని నవ్వనీ." గిజెల్లా ఫోన్ ఎత్తింది. "అలో!"

"మీ చేతులు ముద్దాడుతున్నానమ్మా," అని అక్కడి మర్యాద ప్రకారం పలకరించింది అవతల ఓ కుర్ర గొంతు. "ప్రసారం మొదలైంది. కాస్త గిజెల్లా గారికి ఇస్తారా?"

"నానే గిజెల్లాని."

"వేళాకోళం వద్దమ్మా. ఆవిడ గొంతు దేశమంతటికీ తెలుసు."

"ఆ గొంతు మా ఆడపడుసుది, బొజోకి ఎటెల్కాది. పదకొండు సినిమాల్లోనూ ముకం నాది, మాట దానిది. ఇదిగో, పక్కనే గసగసాల సేతుల్తో కళ్లు తుడుసుకుంటంది. కావాలంటే ఇస్తాను. ముందు దాన్ని దాని పేరెట్టి పిలు."

అటు నుంచి ఆ పేరు పూర్తిగా వినిపించేదాకా గిజెల్లా ఫోన్ వదలలేదు.