తోటికోడలి మీద చెప్పిన స్తోత్రం

ఉదయం ఐదున్నరకు, ఇంటి ప్రార్థనలో, స్వర్ణలత తన తోటికోడలి ఉద్యోగం పోయినందుకు దేవునికి స్తోత్రం చెప్పింది. తోటికోడలు ప్రియదర్శిని ఎదురుగానే చాప మీద కూర్చొని ఉంది.

ఇల్లు ఎయిర్‌పోర్టు దగ్గరి తొండుపల్లిలో. కింద పెద్దకొడుకు వీరేందర్, అతని భార్య స్వర్ణలత, తల్లి అనంతమ్మ ఉంటారు. పైన చిన్నకొడుకు శివశంకర్, ప్రియదర్శిని, వాళ్ల కొడుకు. పొద్దున చాయ్‌కి ముందు అందరూ కింది గదిలో కూర్చుంటారు. అనంతమ్మ బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి నడుస్తున్న పద్ధతి అది. పొద్దుటి ప్రార్థనలో ఎవరూ ఏమీ అడగకూడదు. నిన్న దేవుడు చేసిన మేలు ఒకటి చెప్పి స్తోత్రం అనాలి. మిగతావాళ్లు ఆమెన్ అనాలి. ఒకరి స్తోత్రాన్ని ఇంకొకరు కాదనకూడదు.

ఆ పొద్దున ఆమెన్ అన్నది ప్రియదర్శిని ఒక్కతే. ఇంటి మీదుగా విమానం దిగింది. ఆ చప్పుడు పోయాక అనంతమ్మ పాట ఎత్తుకుంది.

తర్వాత వంటింట్లో అత్త స్వర్ణలతను నిలదీసింది.

"దేవుని ముందర గట్లనా మాట్లాడేది?"

"నిన్నటి మేలు చెప్పుమన్నరు, చెప్పిన."

"అది మేలా బిడ్డా?"

"నాకు మేలే. ఒకరి స్తోత్రం ఇంకొకరు కాదనొద్దని మీరే అన్నరు గద అత్తమ్మా. ఇగ మీరే కాదంటే ఎట్ల?"

అనంతమ్మ చాయ్ గిన్నె దించి బయటికి వెళ్లింది.

కారణం ఇంట్లో అందరికీ తెలుసు. నాలుగేళ్ల కిందట, కొడుకు పుట్టిన తర్వాత, ప్రియదర్శిని దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచింది. మా ఇంట్లో ఒక గర్భాన్ని మూసిన దేవుడు నా గర్భాన్ని తెరిచాడు అని మైకులో అన్నది. స్వర్ణలతకు రెండోసారి కడుపు పోయి అప్పటికి నెల కాలేదు. ఆమె ముందు వరుసలో కూర్చొని ఉంది. సంఘమంతా హల్లెలూయ అన్నది. ఆ మాట గురించి తోటికోడళ్లు ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ప్రియదర్శిని ఎయిర్‌పోర్టులో ఒక కాంట్రాక్టరు కింద పనిచేసేది. కాంట్రాక్టు ముగిసింది, గుర్తింపు కార్డులు వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత కిస్తీ ఆగి శివశంకర్ క్యాబ్‌ను ఫైనాన్స్ వాళ్లు తీసుకుపోయారు. దానికీ స్వర్ణలత మర్నాడు స్తోత్రం చెప్పింది. ఒకరికైనా పని దొరక్కపోతే నెలాఖరుకు ఇల్లు విడిచి జహీరాబాద్‌లోని అత్తగారింటికి పోతామని శివశంకర్ తల్లితో చెప్పాడు. అనంతమ్మ ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదు.

స్వర్ణలత విమానాలకు భోజనాలు పంపే వంటశాలలో ట్రేలు సర్దుతుంది. ప్రియదర్శిని పని పోయిన వారమే సూపర్‌వైజర్ మాజిదా ఆమెను అడిగింది. లైన్‌లోకి మనుషులు కావాలి, నమ్మకమైనవాళ్లుంటే తీసుకురా అన్నది. తనకు తెలిసినవాళ్లెవరూ లేరని స్వర్ణలత జవాబిచ్చింది.

పొద్దున చెప్పడానికి ఏదో ఒకటి ముందురోజు కంటపడాలి. అందుకని ఆమె చూడటం మొదలుపెట్టింది. పని నుంచి రాగానే మెట్ల దగ్గర నిలబడేది. ఫీజు కట్టక, పిల్లవాడి బడి వ్యాను గేటు ముందు ఆగకుండా పోయింది. మర్నాడు స్తోత్రం. ప్రియదర్శిని మెడలో గొలుసు కనబడలేదు. మర్నాడు స్తోత్రం. వీరేందర్ తల దించుకునేవాడు. ప్రతిసారీ ప్రియదర్శిని ఆమెన్ అనేది.

ఒక సాయంత్రం స్వర్ణలత మెట్లెక్కి పైవాళ్ల కిటికీలోంచి లోపలికి చూసింది. తండ్రీకొడుకులు తిని లేచారు. ప్రియదర్శిని గిన్నెలో నీళ్లు పోసి, అడుగున అంటుకున్న మెతుకులు గీకి తాగింది.

మర్నాడు తన వంతు వచ్చినప్పుడు స్వర్ణలత నోరు తెరిచింది, మూసింది. ఇవాళ ఏమీ లేదన్నది. ప్రార్థన ముగిశాక ప్రియదర్శిని వెనకే మెట్లెక్కింది.

"నువ్వు ఎందుకంటవే ఆమెన్? నన్ను ఎక్కిరిస్తున్నవా?"

"నువ్వు అన్నవు గద అక్కా."

"నేనెప్పుడన్న?"

"ఆ రోజు చర్చిల. అందరు హల్లెలూయ అన్నరు, నువ్వు ఆమెన్ అన్నవు. ముందట్నే ఉన్నవు, నాకు ఇనవడ్డది. అప్పుడు నీ మొకం చూసిన. ఏం మాట అన్ననో అప్పుడు తెలిసింది. ఆనాటి సంది మళ్ల సాక్ష్యానికి లేవలే."

తాను ఆమెన్ అన్నట్టు స్వర్ణలతకు గుర్తు లేదు.

"ఇన్నేండ్లు ఒక్క మాట చెప్పలేదేంది?"

"ఏ మొకం పెట్టుకొని చెప్పాలె? నువ్వు తిడితవని చూసిన. తిట్టలే. మొన్న స్తోత్రం చెప్తుంటే, ఇగ తిట్టు వచ్చిందిలే అనుకున్న. నాకు రావాల్సిందే గదా. ఆమెన్ అన్న."

స్వర్ణలత మెట్టు మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ప్రియదర్శిని రెండు మెట్లు కిందికి దిగి పక్కన కూర్చుంది.

"మా వంటకాడ మనుషులు కావాలన్నరు ప్రియా. నాకు తెలుసు. చెప్పలే."

"ఎప్పటి సంది?"

"నీ పని పోయిన వారం సంది."

ప్రియదర్శిని గోడ వైపు చూసింది.

"దీనికి మాత్రం నేను ఆమెన్ అననక్కా."

స్వర్ణలతకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. ప్రియదర్శిని నవ్వలేదు. లేచి పైకి వెళ్లి తలుపు వేసుకుంది.

స్వర్ణలత అక్కడి నుంచే మాజిదాకు ఫోన్ చేసింది. ఒక చోటు నిండింది, ఒకటి ఉంది అని మాజిదా చెప్పింది. మొన్న ఎవరూ లేరంటివి గదా అని అడిగింది. అబద్ధం చెప్పినానని, ఆ చోటు తన తోటికోడలికి కావాలని స్వర్ణలత అన్నది.

ఆ సాయంత్రం పైవాళ్లు ముగ్గురూ కింద భోంచేశారు. పిలవడానికి స్వర్ణలత రెండుసార్లు మెట్లెక్కాల్సి వచ్చింది. మర్నాటి ప్రార్థనలో ఆమె చెప్పింది ఒక్కటే: నిన్న అందరం కలిసి తిన్నం, స్తోత్రం. అనంతమ్మ వెంటనే పాట ఎత్తుకోలేకపోయింది. వీరేందర్ ఎత్తుకున్నాడు.

ప్రార్థన అయ్యాక తోటికోడళ్లిద్దరూ వంటశాల వ్యాను ఎక్కారు. మాజిదా ప్రియదర్శినికి టోపీ, గ్లవుజులు ఇచ్చి లైన్‌లో స్వర్ణలత పక్కన నిలబెట్టింది.