మూడు దోసిళ్ళ తీర్థం

బొప్పనాయకుణ్ణి శత్రుశిబిరానికి పంపినది నేనే. ఈ మాట ఇంతవరకు ఏ దేవుని ఎదుటా అనలేదు, ఏ చెలికత్తె చెవినీ వేయలేదు. భర్త పోయిన నాటినుంచి గంధశిల దుర్గాన్ని ఏలుతున్న తిప్పాంబికను, ఈ తాటాకు మీద మొదటిసారి ఒప్పుకుంటున్నాను.

ఏడు బురుజుల మా కోట చుట్టూ, కనుచూపు మేర, పడమటి దండు గుడారాలు కొంగల బారులా వాలి మూడు నెలలైంది. వారి ఏనుగులు మా చెరకుతోటలు మేస్తుండగా, వారి వంటల పొగ ప్రాకారం దాటి ఆకలిగొన్న మా పిల్లల ముక్కులకు సోకుతుండగా, లోపల దిగుడుబావులు రోజుకొక మెట్టు బయటపెట్టుకుంటూ అడుగంటిపోయాయి. ముట్టడి మొదలైననాడు ఉగ్రనరసింహుని గుడిలో దీపమార్పి అందరం ప్రమాణం చేశాం: సంధి మాట ఎత్తినవాడు స్వామిద్రోహి. నేనూ ఆర్పాను. తరువాత, నీళ్ళకోసం పసివాళ్ళ ఏడుపు విని ఉండబట్టలేక, సేనాని బొప్పనాయకుణ్ణి చాటుగా పిలిచి, ఏమి ఇస్తే తరలిపోతారో కనుక్కొని రమ్మన్నాను.

కోటే కావాలన్నారట. కాదని తిరిగి వస్తుండగా నామన ప్రగడ వేగులవాళ్ళు పట్టుకున్నారు. ప్రగడ మా మహామంత్రి. నాకు సంతానం లేదు. ప్రమాణం తప్పినవారికి సింహాసనం చెల్లదు, వారసుడు లేకుంటే అది మంత్రి పాలు. ఇది అతనికి కంఠస్థం.

"ఎవరి ఆజ్ఞతో పోయితివి, నాయకా?" అన్నాడు సభలో.

బొప్పనాయకుడు నా వైపు చూడనైనా లేదు. "కాళ్ళు తీసుకుపోయాయి, పోయాను. ద్రోహం మాత్రం చేయలేదు."

"ఇతని పక్షాన సాక్షి ఎవరైనా ఉన్నారా?" అని ధర్మాధికారి సోమయాజులవారు సభను కలయజూశారు. మూడుసార్లు అడగడం ఆచారం. మూడుసార్లూ నేను సింహాసనపు చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

సాక్షి లేనిచోట దైవాన్ని అడగాలి. నరసింహునికి అభిషేకించిన నీరు మూడు దోసిళ్ళు తాగాలి. పద్నాలుగు దినాలలో రోగమో, నిప్పో, నెత్తురో ఒంటిని తాకిందా, వాడు ద్రోహి అని దేవుడు చెప్పినట్టే.

"తాగుతావా?"

"ఊరంతా గుక్కెడుకు అలమటిస్తుంటే మూడు దోసిళ్ళు ఇస్తానంటున్నారు, చేదా ప్రగడగారూ! అసలే దాహంమీదున్నాను."

సభ నవ్వింది. సోమయాజులవారు నవ్వలేదు.

తీర్థం తాగిన ఏడవనాడు తూర్పు బురుజు కూలింది. నేను పరుగున వెళ్ళేసరికి బొప్పనాయకుడు నడికట్టు బిగిస్తున్నాడు.

"వద్దు నాయకా. ఇంకా వారముంది. గీత పడినా ద్రోహివవుతావు."

"నేను పోకుంటే అక్కడ మనవాళ్ళ నెత్తురు ఏరవుతుంది, తల్లీ. దానికి ఏ శాస్త్రం తీర్పు చెబుతుంది?"

కూలిన రాళ్ళమీద నిలబడి, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా, పది మంది పట్టేంత కంతను తన డాలుతో మూసి, వచ్చినవారిని వచ్చినట్టే అగడ్తలోకి దొర్లించాడు. దండు వెనుదిరిగింది. అతణ్ణి తలుపుచెక్కమీద మోసుకొచ్చారు, భుజంలో బాణంతో.

"దేవుడు పలికాడు," అన్నాడు ప్రగడ.

"యుద్ధంలో తగిలిన గాయమయ్యా అది!" అన్నారు సోమయాజులవారు.

"శాస్త్రంలో యుద్ధానికి మినహాయింపు ఉన్నదా, స్వామీ?"

"లేదు," అన్నారు. రేపు ఉదయం అతణ్ణి కోటతలుపు అవతలికి తోసి, ఎవరిని తరిమాడో వారికే వదిలేస్తారు.

ఇందాక చెరసాలకు వెళ్ళాను. "నా పేరు ఎందుకు చెప్పవు?" అన్నాను.

"అది చెప్పవలసింది నేను కాదు కదమ్మా," అన్నాడు. కోపం లేదు. అది ఉంటే నాకు తేలికయ్యేది.

నాకెవరూ చదువు చెప్పలేదు. అన్నలకు గురువు చెబుతుంటే తలుపు చాటున విని, దొంగిలించిన ఆకులమీద దిద్ది నేర్చుకున్నాను. సభలో కూర్చున్నప్పుడే నాకు తెలుసు, ధర్మశాస్త్ర గ్రంథంలో ఉంది: మనిషి సాక్ష్యం ఉన్నచోట దైవాన్ని అడగరాదు, అడిగినా ఆ తీర్పు చెల్లదు. ప్రమాణం తప్పిన రాణికి ఏమి శిక్షో ఆ గ్రంథంలోనే తరువాతి ఆకున ఉంది. అదీ చదివాను. రాజ్యంకోసం ఊరకున్నానని నాకు నేను చెప్పుకుని చెప్పుకుని అలసిపోయాను. భయంవల్ల ఊరకున్నాను.

గంటం కింద పెట్టి ద్వారంలోని దాసిని పిలిచాను.

"సోమయాజులవారిని సభకు రమ్మన్నానని చెప్పు. ప్రగడగారినీ రమ్మను. మూడుసార్లు అడిగారు కదా, సాక్షి దొరికిందట, వస్తోందని చెప్పు."