రొయ్యల గిడ్డంగిలో ముక్కు

నిజం చెప్పండి: గుమ్మంలో నిలబడి "బాగున్నారా?" అని పలకరించిన మనిషి మొహాన ఎప్పుడైనా తలుపేశారా? వెయ్యలేదు కదా! మరి దొంగ మెయిలు సరిగ్గా ఆ పలకరింపుతోనే లోపలికొస్తుందని తెలిసి కూడా పెద్దిరాజుగారిని చూసి నవ్వుతారేం?

పెద్దిరాజుగారు భీమవరంలో రొయ్యల కోల్డ్ స్టోరేజీకి మేనేజరు. చెరువుల మీద డ్రోన్లు మేత చల్లుతున్న కాలం. డ్రైవరు లేని లారీలు సరుకు దించి, వాటంతటవే వెనక్కి పోతున్న కాలం. గిడ్డంగిలో చలి ఎంతుండాలో, తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో, అంతా ఒక్క కంప్యూటరు చేతిలో ఉంది. దాని ముందు కూర్చున్న మనిషి మాత్రం పాతకాలం మనిషి. వచ్చిన మెయిలు తెరవకపోవడమంటే, ఆయన దృష్టిలో, ఇంటికొచ్చినవాణ్ణి కూర్చోమనకపోవడమే.

అలాగే ఒకసారి "మహారాజశ్రీ పెద్దిరాజుగారికి సన్మానపత్రం జతచేశాం" అన్న మెయిలు తెరిచారు. అందులోంచి దిగిన మాల్‌వేర్ కంప్యూటరును బిగించేసింది. చలి ఆగింది. రొయ్యలు కుళ్ళాయి. ఊరంతా ముక్కు మూసుకుని తిరిగింది. "ఇంకోసారి ఇలా జరిగితే మీరిక ఇంట్లోనే కూర్చోవచ్చు" అంది యాజమాన్యం. ఇప్పుడు మళ్ళీ గిడ్డంగి నిండా సరుకుంది. రైతుల ఏడాది కష్టమూ, రాజుగారి కొలువూ ఆ మంచులోనే ఉన్నాయి.

అందుకే కర్నూలు నుంచి సైంటిస్టు డాక్టర్ నస్రీన్ వచ్చి, జిల్లాలోని మిగతా గిడ్డంగులతోపాటు ఇక్కడ కూడా కంప్యూటరు పక్కన ఒక చిన్న పెట్టె బిగించింది.

"ఇదేంటమ్మా, అగరొత్తుల పెట్టెలా ఉంది?"

"దీని పేరు ముక్కు, రాజుగారూ. మామూలు యాంటీవైరస్ పాత నేరస్తుల ఫొటోలు దగ్గర పెట్టుకున్న పోలీసులాంటిది. కొత్త దొంగ వస్తే సెల్యూట్ కొట్టి పంపిస్తుంది. నా ముక్కు మొహం చూడదు, మాట వాసన చూస్తుంది. దొంగ మెయిలు ఏ దేశం నుంచొచ్చినా దానికి మూడే గుణాలు: పొగడ్త, తొందర, బెదిరింపు. మూడూ కలిశాయా, మెయిలును అక్కడే ఆపేసి కుళ్ళిన రొయ్యల వాసన వదులుతుంది."

"లోకంలో ఇన్ని వాసనలుండగా అదే ఎందుకమ్మా?"

"మీరు మర్చిపోలేని వాసన అదొక్కటే కదా!"

లెక్కలు చూసే సలోమి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రాజుగారు "ఆయ్" అన్నారు.

మర్నాడే ముక్కు గుప్పుమంది. సలోమి కిటికీలన్నీ తెరిచింది. దొంగెవరా అని చూస్తే, రాజుగారి బావగారు! మనవరాలి అన్నప్రాసనకు పిలుపు. "తమరంతటివారు మా వంశంలోనే లేరు. రెక్కలు కట్టుకుని ఇవాళే రావాలి. రాకపోయారో, మేం పచ్చి మంచినీళ్ళు ముట్టం."

పొగడ్త, తొందర, బెదిరింపు! గోదావరి జిల్లాల మర్యాద మొత్తం ఆ మూడింటి మీదే నడుస్తుందని కర్నూలు సైంటిస్టుకు ఎవరు చెప్తారు?

ఆ వారమంతా అంతే. ఐసు ఫ్యాక్టరీవాళ్ళ మెయిలొస్తే కంపు, మేత కంపెనీవాళ్ళ మెయిలొస్తే కంపు. సరుకు చూడ్డానికొచ్చిన ఓ కొనుగోలుదారు కుర్చీలోంచి లేచి పరిగెత్తాడు. "రాజుగారండీ, మీ చుట్టాలు మళ్ళీ తలుచుకున్నట్టున్నారు" అనేది సలోమి, అత్తరు చల్లుకుంటూ.

జనంలోకి విషయం పొక్కింది. ముక్కుకు దొరక్కుండా రాయడం నేర్చుకున్నారు. తర్వాత బావగారి మెయిలు ఇలా వచ్చింది: "అన్నప్రాసన వాయిదా. గురువారం. భోజనం ఉంది."

ముక్కు కిమ్మనలేదు. రాజుగారి గుండె మాత్రం కలుక్కుమంది. వెంటనే ఫోను తీశారు. "బావగారూ, మా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందాండీ?" అరగంట బతిమాలుకున్నారు. ఐసు ఫ్యాక్టరీకి చేశారు, మేత కంపెనీకి చేశారు. పొడిమాట రాసిన ప్రతివాడికీ ఫోనే.

"మెయిలున్నదే ఫోను చెయ్యక్కర్లేకుండా ఉండడానికి కదండీ!" అంది సలోమి.

"నీకు తెలీదు. మనిషి పలకరింపు మానేశాడంటే ఎక్కడో నొచ్చుకున్నట్టే."

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం డాక్టర్ నస్రీన్ పేరుతో మెయిలొచ్చింది. "ముక్కుకు కొత్త అప్‌డేట్. జతచేసిన ఫైలు తెరవండి." అంతే. పొగడ్త లేదు, తొందర లేదు, బెదిరింపు లేదు. పెట్టె మీద, ఏ అనుమానమూ లేదన్నట్టు, పచ్చదీపం వెలుగుతోంది.

రాజుగారి మొహం వాడిపోయింది. "చూశావా సలోమీ! ఆవిడ ఇక్కడున్నన్నాళ్ళూ చేపల పులుసు కొసరి కొసరి వడ్డించాం. ఇప్పుడు 'బాగున్నారా' అనికూడా లేదు. పులుసులో ఉప్పెక్కువైందేమో!"

"ముందా ఫైలు తెరవండి. తర్వాత కుములుదురుగాని."

"మనసులో ఇది పెట్టుకుని ఎలా తెరవమంటావ్?" మౌసు వదిలి ఫోను అందుకున్నారు. "అమ్మా, మా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

"తప్పేంటి రాజుగారూ?"

"మీ మెయిలు చాలా ముభావంగా ఉందమ్మా."

అవతలి నుంచి కేక. "నేను మెయిలే పంపలేదు! దాన్ని ముట్టుకోకండి! ముక్కు వాసన రాలేదా?"

"మల్లెపూవులా ఉందమ్మా."

దొంగలూ మర్యాద మానడం నేర్చుకున్నారన్నమాట. ఆ రోజే అదే మెయిలు జిల్లాలో ముక్కు పెట్టిన గిడ్డంగులన్నింటికీ వెళ్ళింది. పచ్చదీపాన్ని నమ్మినవాళ్ళ కంప్యూటర్లన్నీ బిగుసుకున్నాయి. రాజుగారి రొయ్యలు మాత్రం హాయిగా చలిలో పడుకున్నాయి.

అసలు కష్టం నస్రీన్‌కు వచ్చింది. సంగతి తెలిశాక జిల్లా అంతా రాజుగారి దారే పట్టింది. ఆవిడ నిజంగా పంపిన మెయిలు అందినా సరే, ఫోను మోగుతుంది: "డాక్టరుగారూ, మా మీదేమైనా కోపమా అండీ?" కొత్త ముక్కు తయారుచేయడానికి ఆవిడకు తీరికే లేదు. పొద్దస్తమానం "కోపం లేదండీ, భోంచేశానండీ" అని చెప్పడంతోనే సరిపోతోంది.

మీరింకా నవ్వుతున్నారా? నవ్వండి, కానీ ముందు మీ మెయిలు తెరిచి చూడండి. "ఈ ఫైలు తెరవండి" అంటూ ఒకటి కూర్చునుంటుంది. దాని మీద వేలు పెట్టకండి. అందులో ఇచ్చిన నంబరుకు కాదు, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోను చేసి, "ఇది పంపింది మీరేనా?" అని అడగండి. మొహమాటపడకండి. ఇప్పుడే అడగండి.